తడి మీద సున్నా

మేడ మీది అద్దె గది
వానలు మొదలైన వారం

వదినా,

చేతిలో ఫోన్ ఉండగా ఈ ఉత్తరాలేమిటి అనుకుంటావు. ఫోన్ చేస్తే పక్కన అన్నయ్య ఉంటాడు. తనతో మాట్లాడటం నేను మానేసి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసు. అందుకే ఇంటికి కాకుండా నువ్వు పనిచేసే బస్సు డిపో స్టోరుకి, నీ పేర రాస్తున్నాను.

మా పాత ల్యాబు పెద్ద, ఒంటినిండా సెంటు కొట్టుకునే ఆ సెంటాయన, తన మిషను మీ డిపోకి తెస్తున్నాడట. అక్కడి టైపిస్టు బస్టాపులో కనిపించి చెప్పింది. వినగానే ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

ఆ మిషను సంగతి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. మీ బస్సు కింద పొగగొట్టం మధ్యలో స్టీలు డ్రమ్ము ఉంటుంది కదా. అందులో తేనెపట్టులా కన్నాలున్న పింగాణీ దిమ్మ, దాని మీద ఉత్ప్రేరకం పూత. డీజిలు మసి ఆ కన్నాల్లో చిక్కుకుంటుంది. నిండే వేళకి ఇంజను పొగని వేడెక్కించి ఆ మసిని కాల్చేయాలి. ఎప్పుడు నిండిందో తెలియడమే కష్టం. విప్పకుండా లోపలికి చూడలేం కాబట్టి అందరూ అంచనా వేసేవాళ్ళే. నేను డ్రమ్ముకి రెండు చిన్న యాంటెన్నాలు పెట్టి లోపలికి మైక్రోవేవ్ పంపాను. వంటింటి ఓవెన్లో ఉండేదే, కాకపోతే చీమకి కూడా చురుక్కుమనదు. డ్రమ్ము ఖాళీగా ఉంటే ఒక స్థాయిలో మోగుతుంది, మసి చేరేకొద్దీ ఆ స్థాయి దిగుతుంది. నిండు బిందెనీ ఖాళీ బిందెనీ వేలితో కొట్టి నువ్వు చెప్పేయవూ, అదే పని.

ఆ పని నాది వదినా. సెంటాయన తన పేరుతో అచ్చు వేయించుకున్నాడు. వాడేటప్పుడు ఒక జాగ్రత్త తప్పనిసరి అని నేనొక పేజీ రాస్తే, అది ఉంటే ట్రయలు ఆలస్యమవుతుందని తీసేయించాడు. నేను ఊరుకోలేదు. దాంతో ల్యాబు కమిటీ ముందు నిలబడి, ఈ అమ్మాయి రీడింగులు కూర్చుని కల్పించింది అన్నాడు. దొంగ రీడింగుల మనిషికి ఇంకే ల్యాబూ తలుపు తీయదు. ఇప్పుడు ట్యూషన్ సెంటర్లో పిల్లలకి అద్దాలూ కటకాలూ చెప్పుకుంటున్నాను. అన్నయ్య ఏమన్నాడో గుర్తుందా? "పోనీలేవే, పెద్దవాళ్ళతో మనకెందుకు" అన్నాడు.

నాకు నా పేరు కావాలి. అది ఆయన చేత్తోనే, పదిమంది ముందు, తల దించుకుని తిరిగివ్వాలి. అప్పటిదాకా నాకు నిద్ర పట్టదు, పట్టినా వద్దు. నువ్వు కళ్ళు తెరుచుకుని ఉండు. ఏం జరిగినా రాయి. అన్నయ్యకి మాత్రం చెప్పకు.

నీ మరదలు


డిపో స్టోరు
వానలో

మరదలు పిల్లకి,

కవరు మీద నీ చేతిరాత చూసి పెళ్ళి కబురేమో అని గబగబా చింపాను. అంత అదృష్టమా నాది! లోపలంతా డ్రమ్ములూ మసీ శాపనార్థాలూ. అయినా చదివాక నాకూ రక్తం ఉడికింది. మా ఇంటి ఆడపిల్లని దొంగ అన్నవాడు నా గుమ్మంలోకే వస్తున్నాడా, రానీ, అనుకున్నాను.

వచ్చాడు. ముందు సెంటు వచ్చింది, కాసేపటికి మనిషి వచ్చాడు. గ్రీజు మీద తెల్లబూట్లతో నడవలేక మా మేనేజరు భుజం పట్టుకున్నాడు. మా వెల్డరు నా కిటికీ దగ్గరికొచ్చి "ఏంటమ్మా, ఈయనకివాళ పెళ్ళా?" అన్నాడు. తర్వాత ఉపన్యాసం. ఈ ఆలోచన ఆయనకి స్నానం చేస్తుండగా తట్టిందట. స్పేరు పార్టులు లెక్కపెడుతున్నట్టు నటిస్తూ పళ్ళు నూరుకున్నాను.

మిషను మాత్రం ముచ్చటగా ఉంది, ఏమనుకోకు. డ్రమ్ముకి ముందొకటి వెనకొకటి చిటికెన వేలంత కడ్డీలు, డ్రైవరు ఎదురుగా గుండ్రటి డయలు. పచ్చ అంటే ఖాళీ, పసుపు అంటే సగం, ఎరుపు అంటే నిండింది. ముల్లు ఎరుపు దగ్గరికొస్తే ఇంజను తనంతట తనే మసిని కాల్చేస్తుంది. మొదట బిగించింది కొండ మీద ఆస్పత్రికి వెళ్ళే బస్సుకి. అది మీ అన్నయ్య నడిపే బస్సే. కొత్త బొమ్మ దొరికినట్టు ఇంటికొచ్చి ఒకటే దాని గురించి చెప్పడం. అది నీదని ఆయనకీ తెలుసు. తెలిసే అంత మురిసిపోయారు, నీతో అనలేక నాతో అన్నారు.

ఒక్క సంగతి అడగాలి. నాకీ చదువులు తెలియవు. ఇదివరకు దిమ్మలని పైపుతో నీళ్ళు కొట్టి కడిగి, కంప్రెసరు గదిలో రోజంతా ఆరబెట్టి, అప్పుడు బిగించేవాళ్ళు. సెంటాయన మనుషులు కడిగిన వెంటనే బిగించేస్తున్నారు. ఇంకా నీళ్ళు కారుతుండగానే, శుభ్రంగా ఉంది కాబట్టి ఇదే సున్నా అని మీట నొక్కేస్తున్నారు. బస్సు ఊరికే నిలబడకూడదట, రోడ్డెక్కితే పొగ వేడికి అదే ఆరుతుందట. అలా తడి మీద సున్నా పెట్టొచ్చా? తేడా ఏమైనా ఉంటే రాయి, మేనేజరు చెవిన వేస్తాను.

వేళకి తింటున్నావా? రాసేటప్పుడు అది కూడా రాయి.

వదిన


మేడ మీది గది

వదినా,

నీ ఉత్తరం మళ్ళీ మళ్ళీ చదివాను. ఆయన స్నానం కబురు దగ్గర నవ్వాపుకోలేక పోతే, క్లాసులో పిల్లలు నాకేదో అయిందనుకున్నారు.

నువ్వడిగినదానికి జవాబు: ఏం ఫర్వాలేదు. తడి ఆరిపోతుంది, తేడా ఏమీ రాదు. మేనేజరుకి చెప్పకు. చెప్తే, స్టోరు చూసుకునే ఆవిడకి సైన్సెందుకు అని సెంటాయన నిన్ను నలుగురిలో నవ్వులపాలు చేస్తాడు. డయలు మాత్రం కనిపెట్టి ఉండు. వారాలు గడిచినా పచ్చగానే ఉంటుంది చూడు, పసుపు వైపు తొంగి కూడా చూడదు. ఆయన ఉబ్బిపోతాడు. ఉబ్బనీ వదినా, బాగా ఉబ్బనీ.

అన్నయ్యదే ఆ బస్సు అన్నావు. పెద్దవాళ్ళతో పెట్టుకోవద్దన్న మనిషి పెద్దవాళ్ళ డయలు ముందే కూర్చున్నాడన్నమాట. కూర్చోనీ.

తింటున్నాను. ఈ మధ్య ఆకలి కూడా బాగా వేస్తోంది.

మరదలు


డిపో స్టోరు
చలి మొదలైంది

మరదలు పిల్లకి,

నీ నోట ఏం మహిమ ఉందో గానీ డయలు పచ్చగానే ఉంది. నువ్వన్నట్టే ఒక్కసారి కూడా పసుపుకి రాలేదు. సెంటాయన దాన్ని ఫొటో తీయించి మేనేజరు గదిలో అతికించాడు. తన ఉత్ప్రేరకం పూత అంత గొప్పదట, మసి అంటుకోవడమే లేదట. నెలనెలా దిమ్మ విప్పి కడిగే పని ఇక దండగ అని అది కూడా మాన్పించాడు. డయలు ఎర్రబడితే తప్ప ఎవరూ డ్రమ్ము ముట్టుకోకూడదని గోడ మీద కాగితం.

మీ అన్నయ్య మాత్రం బస్సు ఎత్తు మీద లాగడం లేదంటున్నారు. ఆవలించే ఎద్దుని తోలినట్టుందట. డ్రమ్ము విప్పి చూడమని సెంటాయననే అడిగారు. ఆయన డయలు చూపించి, "ఖాళీగా ఉన్నదాన్ని విప్పడం ఎందుకయ్యా? నీ కాలు బ్రేకు మీద ఉంటోందేమో చూసుకో" అన్నాడట. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. మీ అన్నయ్య కూడా నవ్వేసి వచ్చారు. ఇంటికొచ్చాక మాత్రం అన్నం సగంలోనే వదిలేసి లేచారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. వీడికి బుద్ధి రావాలే అమ్మాయ్. నీ కోసమే కాదు, ఇప్పుడు నా కోసం కూడా. ఇంకోసారి గట్టిగా అడగండి, రాతపూర్వకంగా ఇవ్వండి అని మీ అన్నయ్యని ఎగదోస్తున్నాను. సరేనా?

వదిన


మేడ మీది గది

వదినా,

వద్దు. ఆ పని అసలు చేయించకు. ఇప్పుడు ఎవరైనా డ్రమ్ము విప్పి చూశారంటే ఇన్నాళ్ళ నా ఓపిక బూడిదలో పోసినట్టే.

టైపిస్టు చెప్పింది, చలి తగ్గగానే మీ డిపోలో పెద్ద ప్రదర్శనట. డబ్బు పెట్టేవాళ్ళూ, నన్ను గెంటిన కమిటీ వాళ్ళూ అందరూ వస్తారట. ఆ కొండ బస్సులోనే ఎక్కించి తిప్పుతాడట. అంతకన్నా నాకేం కావాలి? డయలు పచ్చగా నవ్వుతుంటే బస్సు ఎత్తు మధ్యలో ఉసూరుమని ఆగిపోతుంది. తెల్లబూట్లతో దిగి ఆ పెద్దలందరూ నడుస్తారు. అప్పుడు డ్రమ్ము విప్పుతారు. అప్పుడు నేను, వాడు తీసేయించిన పేజీ పట్టుకుని వస్తాను. ఎలా నడిచి రావాలో, ఏ చీర కట్టుకోవాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. వాడి ముఖం నల్లబడటం దగ్గరనుంచి చూడాలి.

అన్నయ్యని కాస్త ఓర్చుకోమను. బస్సు లాగకపోతే మెల్లగా వెళ్ళమను, ఎవరు తరుముతున్నారు?

మరదలు


ఆస్పత్రి వరండా

అమ్మాయీ,

నిన్న మీ అన్నయ్య బస్సు కాలిపోయింది.

నిండా జనం. ఎత్తంతా లాగలేక లాగి ఎక్కింది. పైన ఆస్పత్రి ముందు ఆగి, ఇంజను ఊరికే తిరుగుతుంటే వెనక కింద డ్రమ్ము ఎర్రగా కాలడం ఎవరో చూసి అరిచారు. ఆ అరుపుతోనే మంట నేల పలకల్లోంచి పైకొచ్చింది. ముందు తలుపు దగ్గర జనం తొక్కుకుంటున్నారు. వెనక తలుపు తెరిస్తే నిలవదు, దానంతటదే మూసుకుపోతుంది. మీ అన్నయ్య బస్సు చుట్టూ తిరిగి పరుగెత్తి, ఆ ఇనుప తలుపుని రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు. అది అప్పటికే పెనంలా కాలుతోంది. ఆఖరి మనిషి దిగేదాకా వదల్లేదు. అందరూ బతికారు.

చేతులు చూడలేను. వేళ్ళు ఇక సరిగా ముడుచుకోవంటున్నారు డాక్టరు. స్టీరింగు సంగతి అడిగితే మాట మార్చారు. నేనే తినిపిస్తున్నాను, ముఖం నేనే కడుగుతున్నాను.

సెంటాయన పొద్దున్నే మేనేజరుకి చెప్పేశాడు: డయలు పచ్చగా ఉంది కాబట్టి డ్రమ్ములో మసి లేదు, బ్రేకు మీద కాలు పెట్టి కొండెక్కించడం వల్లే నిప్పు పుట్టింది. మీ అన్నయ్యని సస్పెండు చేశారు. విచారణ ఉంటుందట.

ఇప్పుడు చెప్పు. డయలు పచ్చగానే ఉంటుందని నీకు ముందే ఎలా తెలుసు?


మేడ మీది గది

వదినా,

నీ కాళ్ళు పట్టుకుంటాను, చివరిదాకా చదువు.

నీళ్ళు కూడా మసిలాగే డ్రమ్ము మోతని కిందికి దించుతాయి. తడి దిమ్మకి సున్నా పెడితే మిషను ఆ దిగిన మోతనే ఖాళీ అనుకుంటుంది. దిమ్మ ఆరాక మోత పైకి లేస్తుంది, మసి చేరుతూ మళ్ళీ దిగుతుంది, కానీ ఆ తప్పుడు సున్నా దాకా రావడానికే బోలెడు మసి కావాలి. అప్పటిదాకా డయలుకి అంతా ఖాళీయే, కాబట్టి ఇంజనుకి మసి కాల్చే పనే పడదు. వేడిగా, పొడిగా ఉన్నప్పుడే సున్నా పెట్టాలి. సెంటాయన తీసేయించిన పేజీలో ఉన్నది ఇదే.

నువ్వు అడిగినప్పుడు నాకు తెలుసు. తెలిసే ఫర్వాలేదన్నాను. బస్సు నీరసించి ఆగుతుంది, అంతే అనుకున్నాను వదినా, అన్నయ్య మీద ఒట్టు. పేరుకున్న మసి ఒక్కసారిగా అంటుకోవచ్చనీ, ఎత్తెక్కి ఆగినప్పుడే ఆ ప్రమాదం ఎక్కువనీ చదివే ఉన్నాను. ఆ మాట మనసులోకి వచ్చినప్పుడల్లా తోసేశాను. ప్రదర్శన రోజు మాత్రమే కళ్ళ ముందు పెట్టుకున్నాను.

కానీ విను, సెంటాయన ఇప్పుడు దొరికిపోయాడు. నా పేజీ నకలు నా దగ్గరుంది, దాని మీద కొట్టేసినట్టు ఆయన సంతకం కూడా ఉంది. నేను విచారణకి వస్తాను. అన్నయ్యని నిర్దోషిగా బయటికి తెస్తాను, వాణ్ణి మట్టి కరిపిస్తాను. అన్నయ్య చేతులకి కూడా వాడే జవాబు చెప్పాలి.

ఒక్కటే. నీ ప్రశ్నకి నేను రాసిన జవాబు కాల్చెయ్. అది బయటపడితే, ఈవిడే కావాలని చేయించింది అంటాడు వాడు. నా మాటకి విలువ ఉండదు, అన్నయ్యే మునుగుతాడు.

మరదలు


ఆస్పత్రి వరండా

అమ్మాయీ,

చదివాను. తినిపించి, నోరు తుడిచి, మందు వేసి, మళ్ళీ చదివాను. ఇంత జరిగినా నీకు సెంటాయనే కనిపిస్తున్నాడు. ఉత్తరం సగంలోనే నీ ఏడుపు ఆగిపోయి సంతోషం మొదలైంది, నువ్వు గమనించావో లేదో.

విచారణకి రా. పేజీ తీసుకురా. తడి సంగతి నీకెప్పుడు తెలిసిందని అడుగుతారు, బస్సు కాలాకే తెలిసిందని చెప్పు. నేనూ నోరు మెదపను. నీ మీద జాలితో కాదు. నువ్వన్నది నిజమే, నీ సంగతి బయటికొస్తే వాడు నిన్ను అడ్డం పెట్టుకుని తప్పించుకుంటాడు, మచ్చ మీ అన్నయ్యకి మిగులుతుంది.

ఉత్తరం కాల్చలేదు. కాల్చను. ఈ ఇంట్లో కాలినవి చాలు.


మేడ మీది గది
ఎండలు ముదిరాయి

వదినా,

నువ్వు విచారణ గదిలో నా వైపు ఒక్కసారైనా చూస్తావేమోనని చూశాను. చూడలేదు.

అన్నీ నేననుకున్నట్టే జరిగాయి. పేజీ బల్ల మీద పెట్టగానే ఆయన తన సంతకాన్ని చేత్తో కప్పబోయాడు. పక్క బస్సుల డ్రమ్ములు విప్పించారు, అన్నిట్లోనూ మసి గడ్డకట్టి ఉంది. కమిటీ పెద్ద లేచి, ఈ అమ్మాయికి అన్యాయం చేశాం అన్నాడు. సెంటాయన తల దించుకుని, ఆ పని ఆమెదే అని ఒప్పుకున్నాడు. నాకు ల్యాబులో గది ఇస్తున్నారు, మిషను మీద నా పేరు వేస్తున్నారు. ఇన్నేళ్ళు ఆ క్షణం కోసమే బతికాను. వచ్చినప్పుడు నాకేమీ వినబడలేదు.

ఎందుకంటే అంతకుముందే నన్ను అడిగారు, తడి మీద సున్నా పెడుతున్నారని మీకెప్పుడు తెలిసిందని. బస్సు కాలాకే అన్నాను. తడుముకోలేదు. ఆయన నన్ను అబద్ధాలకోరు అన్న రోజు అది నింద. ఇప్పుడు నిజం.

తర్వాత అన్నయ్య వచ్చాడు. చేతులకి కట్లు. పట్టుకోలేక, మోచెయ్యి నా భుజానికి ఆనించి, "మా చెల్లెలు లేకపోతే నేనేమైపోయేవాణ్ణి" అని అందరికీ చెప్పాడు. కనబడ్డ ప్రతివాళ్ళకీ చెప్పాడు. ఆ రోజు నీతో పోనీలే అన్నందుకు సిగ్గుపడుతున్నానే అని నన్ను క్షమాపణ అడిగాడు వదినా. నన్ను!

రోజూ ఫోన్ చేస్తాడు. ఎత్తాలంటే భయం, ఎత్తకపోతే ఇంకా భయం. విచారణ అయిపోయింది కదా, ఇక తనకి నిజం తెలియాలి. నా నోట రావడం లేదు. నువ్వే చెప్పు. తిట్టనీ, కొట్టనీ, మొహం చూడనని అననీ. ఈ పొగడ్త మాత్రం నేను భరించలేను.

నీ మరదలు


ఇంట్లో, వంటింటి బల్ల

మరదలు పిల్లకి,

చెప్పను.

నువ్వూ చెప్పవు. చెప్తే ఏమవుతుందో నీకూ తెలుసు, నాకూ తెలుసు. మీ అన్నయ్య పోనీలేవే అంటారు. అంతే, నీ బరువు దిగిపోతుంది. ఆ మాట నీకు దక్కనివ్వను. నువ్వు ఆయన దగ్గర నోరు విప్పిన రోజే నీ ఉత్తరాలు కమిటీ బల్ల మీద ఉంటాయి, కొత్తగా వేయించుకున్న పేరు మళ్ళీ చెరిపించుకుందువుగాని. ఆయనకి ఆఫీసులో పని ఇచ్చారు, తీర్పు కూడా రాసేశారు, ఆయనకిక ఢోకా లేదు. నీకే ఉంది.

పొద్దున చొక్కా గుండీ తనే పెట్టుకోబోయారు. చాలాసేపు తంటాలుపడి, నవ్వేసి, నా వైపు తిరిగి నిలబడ్డారు. గుండీలు పెడుతుంటే నీ గురించే చెప్పారు. చిన్నప్పటినుంచీ దానికి నేనంటే ప్రాణం అన్నారు. అవునండీ అన్నాను.

ఆదివారం నిన్ను భోజనానికి పిలవమన్నారు. పని ఉందనకు, ఊరుకోను. ప్రతి ఆదివారం రావాలి. ఆయనకి సరిగ్గా ఎదురుగా నీకు కుర్చీ వేస్తాను. ఆయనకి నేను తినిపిస్తుంటాను. నువ్వు నీ చేతులతో, కడుపు నిండా తిని వెళుదువుగాని.

వదిన